సియెనా నుంచి రోమ్‌కి కాలినడకన

రోమ్‌కి నడిచి వెళ్తున్నామని ఫోన్లో చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఏం మొక్కుకున్యావే?" అని. మొక్కేం లేదమ్మా, ఊరికే అన్నాను. నమ్మలేదు. అంత దూరం ఎవరైనా ఊరికే నడుస్తారా, ఒంట్లో ఏమైనా బాగాలేదా, అల్లుడి ఉద్యోగానికేమైనా అయిందా అని మా చెల్లెలితో ఆరా తీయించింది. చివరికి, "పోనీలే, ఏ దేవుడైతేనేం. చెప్పులు మాత్రం మంచివి కొనుక్కోండి" అని వదిలేసింది.

2018 మే నెల సంగతి ఇది. అప్పట్లో మేం ఫ్లోరెన్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కాంట్రాక్టు అయిపోవచ్చింది, కొన్ని వారాల్లో హైదరాబాద్ వచ్చేయాలి. ఇటలీలో ఉన్నామన్న మాటే గానీ మేం చూసిందల్లా ఆఫీసు, సూపర్ మార్కెట్, వీసా కాగితాల కోసం నిలబడ్డ క్యూలు. వెళ్ళిపోయేలోపు ఒక్కసారి ఊళ్ళ మీదుగా నడవండి అని మా వెంటపడింది పై అంతస్తులో ఉండే పెద్దాయన. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు, ఏటా ఏదో ఒక దారి పట్టుకుని నడిచేవారు. మేం సరే అనడమే ఆలస్యం, తనూ వస్తానన్నారు. మా బ్యాగులు విప్పించి సగం సామాను బయట పెట్టించారు. ఇస్త్రీ చొక్కా వద్దన్నారు, రెండో జత బూట్లు వద్దన్నారు, మా ఆయన ల్యాప్‌టాప్ చూసి నవ్వేశారు. ఆవకాయ సీసా దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేదు.

ఆ దారి పేరు వియా ఫ్రాంచీజెనా. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ నుంచి ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మీదుగా ఆల్ప్స్ దాటి రోమ్ దాకా, దాదాపు 2,000 కిలోమీటర్లు. పదో శతాబ్దంలో సిగెరిక్ అని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఒకాయన ఉండేవాడు. ఆర్చిబిషప్పులకు పోప్ ఇచ్చే ఉన్ని కండువా లాంటిది అందుకోవడానికి 990లో రోమ్ వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఎక్కడెక్కడ ఆగాడో ఊళ్ళ పేర్లన్నీ వరసగా రాయించాడు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది, దాని ఆధారంగానే ఈ దారిని మళ్ళీ గీశారు. 1994లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ దీన్ని సాంస్కృతిక మార్గంగా గుర్తించింది. వెళ్ళేటప్పుడు కాకుండా వచ్చేటప్పుడు రాశాడు కాబట్టి ఆయన లెక్క రోమ్ నుంచి మొదలవుతుంది, మేం బయల్దేరిన సియెనా పదిహేనోది. రోమ్‌లో ఉన్న కొద్దిపాటి సమయంలోనే 23 చర్చిలు చూసి, పోప్‌తో భోజనం కూడా చేశాడట. మన టూర్ ప్యాకేజీల వాళ్ళు ఆయన దగ్గర ట్రైనింగ్ తీసుకోవాలి.

మాకు అంత దూరం, అన్ని సెలవులు ఎక్కడివి? సియెనా నుంచి రోమ్ వరకు, అంటే 260 కిలోమీటర్ల చిల్లర నడుద్దామనుకున్నాం. సియెనాలో పెద్ద చర్చికి ఎదురుగా సాంతా మరియా దెల్లా స్కాలా అనే పాత ఆసుపత్రి ఉంది. యూరప్‌లో బాగా పాత ఆసుపత్రుల్లో ఒకటి. రోమ్‌కి నడిచిపోయేవాళ్ళకు కొన్ని వందల ఏళ్ళపాటు అక్కడే పడక, తిండి, వైద్యం. ఇప్పుడు మ్యూజియం చేశారు. యాత్రికులు పడుకునే హాలు గోడల నిండా పదిహేనో శతాబ్దపు బొమ్మలు: రోగులకు సేవ చేస్తున్నవాళ్ళు, బీదలకు రొట్టెలు పంచుతున్నవాళ్ళు. టికెట్ కొని చూసి బయటికొచ్చాం. ఆ బొమ్మల్లోని పనులు ముందు మాక్కూడా జరగబోతాయని అప్పుడు అనుకోలేదు.

యాత్రికులకు ఒక మడత కార్డు ఇస్తారు, క్రెదెంజియాలె అంటారు. ఆగిన ప్రతి ఊళ్ళో స్టాంపు వేయించుకోవాలి. అది చూపిస్తేనే యాత్రికుల సత్రాల్లో మంచం దొరుకుతుంది. పెద్దాయన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకునేవారు. స్టాంపు వంకరగా పడితే ఆ పూటంతా నసిగేవారు. పోస్టాఫీసు మనిషి కదా.

సియెనా దాటగానే క్రేతె సెనేజి అనే బంకమట్టి దిబ్బల ప్రాంతం. మే నెలలో గోధుమ ఇంకా పచ్చగా ఉంటుంది, చేల గట్ల మీద ఎర్రటి గసగసాల పూలు. తెల్లటి కంకర బాట ఒక దిబ్బ ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఎంత దూరం చూసినా నీడన్నది లేదు. క్యాలెండర్లలో కనిపించే ఆ సరుగుడు లాంటి సైప్రస్ చెట్లు ఉంటాయే, వాటి నీడ ఒక మనిషికి కూడా చాలదు. అందం కోసం నాటిన చెట్లు అవి, మన వేపా చింతా కావు. మే ఎండే కదా, నంద్యాల దాన్ని నాకేం లెక్క అనుకున్నాను. నంద్యాల ఎండకి మనం ఇంట్లో కూర్చుంటాం, ఇక్కడ దాని కింద పొద్దున ఆరున్నర నుంచి నడుస్తున్నాం. మూడో రోజుకి మా ఆయన మెడ వెనక తోలు ఊడింది.

రోజు మొత్తం ఒకే పని, ముందున్న ఊరు చేరడం. చెట్ల మీదా, కరెంటు స్తంభాల మీదా ఎరుపు తెలుపు చారలు గీసి ఉంటాయి, వాటిని వెతుక్కుంటూ పోవాలి. కాసేపు చార కనబడకపోతే టెన్షన్. కనబడగానే ముగ్గురం ఒకేసారి "అదిగో" అని అరిచేవాళ్ళం. పెద్దాయన కూడా మన "అదిగో" నేర్చేసుకున్నారు.

తిండి గురించి చెప్పాలి. ఫ్లోరెన్స్, సియెనా ఉన్న ప్రాంతాన్ని తోస్కానా అంటారు, అక్కడ రొట్టెలో ఉప్పు వేయరు. ఎందుకు వేయరో ఎవరిని అడిగినా ఒక కథ చెప్తారు, ఏ రెండూ కలవవు. ఫ్లోరెన్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ చప్పిడి రొట్టెని తిట్టుకుంటూనే తిన్నాను. ఈ నడకలో తెలిసింది, అది ఆవకాయ కోసమే పుట్టిందని. మధ్యాహ్నం ఏదో చర్చి అరుగు మీద కూర్చుని, రొట్టె ముక్క చీల్చి, ఆవకాయ గుజ్జు నూనెతో సహా పులిమి, మీద పెకొరీనో అనే గొర్రెపాల చీజ్ ముక్క పెట్టుకుని తింటుంటే మాట్లాడబుద్ధి కాదు. మొదటి రోజు పెద్దాయన వేలి కొసతో నాకి, కళ్ళు తుడుచుకుని, నీళ్ళు తాగి, "ఇది తిండి కాదు, శిక్ష" అన్నారు. మూడో రోజుకి తనే అడిగి వేయించుకున్నారు. రాత్రిళ్ళు పీచి అని, చేత్తో పామిన లావుపాటి సేమ్యా. టమాటా, వెల్లుల్లి సాసుతో తెస్తారు. మాంసం తినని మాకు అదే ఆధారం, దానికేం లోటు చేయలేదు వాళ్ళు.

సాన్ క్వీరికో అనే ఊరి దగ్గర పొలం మధ్యలో గుండ్రంగా సైప్రస్ చెట్ల గుంపు ఒకటి ఉంది, ఫొటోలకి ప్రసిద్ధి. రోడ్డు పక్కన కార్లు ఆపి, డ్రోన్లు ఎగరేస్తున్నారు. ఎవరో పెళ్ళిజంట ఫోటోషూట్ కూడా. చెమటతో, దుమ్ముతో మేం అటు పోతుంటే ఫొటోగ్రాఫరు మమ్మల్ని కొంచెం తొందరగా దాటమని చేయి ఊపాడు. ఈ వాల్ దోర్చా లోయకి 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నా మటుకు నాకు అక్కడ అందం కాస్త ఎక్కువైందనిపించింది. ప్రతి మలుపూ పోస్ట్ కార్డే. పొద్దుటి నుంచి మిఠాయి తింటున్నట్టు ఉండేది. ఆ లోయలోనే బాన్యో విన్యోని అనే ఊరుంది, దాన్ని మాత్రం వంక పెట్టలేను. ఊరి మధ్య రచ్చబండ ఉండాల్సిన చోట పెద్ద కోనేరు ఉంది, అందులో భూమిలోంచి వేడినీళ్ళు ఊరుతుంటాయి. కోనేట్లో దిగనివ్వరు. ఆ నీళ్ళు ఊరి చివర చిన్న కాలవలుగా పారి లోయలోకి దూకుతాయి, అక్కడ కాళ్ళు పెట్టుకోవచ్చు. పెట్టాం. లేవబుద్ధి కాలేదు. లేవకపోతే రాదికోఫానీ చేరలేం.

ఆ రోజు నడక ముప్పై కిలోమీటర్ల పైనే. రాదికోఫానీ 800 మీటర్ల ఎత్తులో, నల్లరాతి కొండ మీద ఉంటుంది. దాని కోట బురుజు పొద్దున్నుంచీ కనిపిస్తూనే ఉంటుంది, దగ్గరికి మాత్రం రాదు. ఒకప్పుడు గీనో ది తాక్కో అనే దొంగ ఆ కోటలో కూర్చుని, కింద దారిన పోయేవాళ్ళని దోచుకునేవాడట. గల్లీనా అనే పల్లె దాటాక నీళ్ళు దొరకవు, ఉన్న సీసాలన్నీ నింపుకోండి అని పెద్దాయన రెండుసార్లు చెప్పారు. నింపుకున్నాం. కొండ మొదలయ్యేసరికే సగం అయిపోయాయి. చివరి ఎక్కుడులో మా ఆయన మోకాలు పట్టేసింది. నేను మాట్లాడటం మానేశాను. పెద్దాయన మాత్రం ముందు నడుస్తూ, ప్రతి మలుపులో ఆగి, వెనక్కి చూసి, మేం కనబడ్డాక మళ్ళీ కదిలేవారు.

ఊళ్ళో యాత్రికుల సత్రం ఒక సేవా సంఘం వాళ్ళు నడుపుతారు. జీతగాళ్ళు ఎవరూ ఉండరు. ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళు, సెలవు పెట్టుకున్నవాళ్ళు వంతులేసుకుని వచ్చి కొద్ది రోజులు వండి పెట్టి, ఊడ్చి, వెళ్ళిపోతారు. రేటు ఉండదు, హుండీలో తోచింది వేయాలి. స్నానాలయ్యాయి. వంటింట్లోంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన వస్తోంది. అప్పుడు మమ్మల్ని పిలిచి వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. మేం ముగ్గురం, ఇంకా ఒక డచ్ అమ్మాయి. అరవై దాటిన ఒకాయన భుజాల మీద పొట్టి కేప్ వేసుకుని వచ్చారు, దాని మీద ఆల్చిప్ప గుర్తు. వెనకాల ఒకావిడ పళ్ళెం, చెంబు, తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఆయన ఏదో చిన్న ప్రార్థన చదివి, నేల మీద మోకాళ్ళేసి, మా ఆయన పాదం చేతిలోకి తీసుకున్నారు.

మా ఆయన బిగుసుకుపోయారు. మా పెళ్ళిలో ఈయన కాళ్ళు మా నాన్న కడిగారు. అప్పుడు పీట మీద దర్జాగా కూర్చుని, నీళ్ళు చల్లగా ఉన్నాయని పక్కన ఫ్రెండుతో గొణిగిన మనిషి ఈయనే. ఇక్కడ మాత్రం కాలు వెనక్కి లాక్కోబోయారు. తండ్రి వయసు మనిషి, పైగా ఆ పాదం నిండా బొబ్బలు, ప్లాస్టర్లు. ఆ వచ్చినాయన కాలు వదల్లేదు. మడమ కింద చేయి ఆనించి, చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా పోశారు. బొబ్బ ఉన్న చోట ఆపి, పక్క నుంచి పోశారు. తువ్వాలుతో ఒత్తి తుడిచారు, వేళ్ళ సందుల్లో కూడా. తుడిచాక వంగి ఆ పాదాన్ని ముద్దు పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నా వంతు. ఆడవాళ్ళకి ఇంకొకరు పాదాలు పట్టుకోవడం కొత్త కాదు. శ్రావణమాసం పేరంటంలో ఎన్నిసార్లు పసుపు రాయించుకోలేదు, రాయలేదు. అయినా ఆయన నా ముందు మోకాళ్ళేస్తుంటే గుండె దడదడలాడింది. పెద్దవాళ్ళు కాళ్ళు పట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని అవ్వ అనేది. మంచిదో చెడ్డదో, ముందు లేచి ఆయన కాళ్ళకి దండం పెట్టేద్దామా అనిపించింది. పెద్దాయన నా భుజం మీద చేయి వేసి, "కూర్చో తల్లీ, ఇది నీ కోసం కాదు, ఆయన కోసం" అన్నారు. కూర్చున్నాను.

ఆ రాత్రి పై అరలో పడుకుని ఉంటే మా ఊరు గుర్తొచ్చింది. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలం నడిచి వస్తారు. వేల మంది. కర్నూలు జిల్లా ఊళ్ళ మీదుగా ఆత్మకూరు, అక్కడి నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో నడక. మల్లయ్యని అల్లుడంటారు వాళ్ళు, అల్లుడిని చూడటానికి వస్తారు. నా చిన్నప్పుడు రోడ్డు పక్కన పందిరేసి, కొత్త కుండల్లో నీళ్ళు, మజ్జిగ పెట్టేవాళ్ళు మా ఇంట్లో. గ్లాసు అందించడం పిల్లల పని. మా తాత మాత్రం ఒక మూల పీట వేసుకుని కూర్చునేవాడు, ముందు వేడినీళ్ళ గంగాళం, పక్కన కొబ్బరినూనె గిన్నె. కాళ్ళు పగిలినవాళ్ళని పిలిచి, కడిగి, నూనె రాసి పంపేవాడు. ఎవరు ఏ కులమో అడిగిన గుర్తు లేదు. మాకు అది చూస్తే సిగ్గుగా ఉండేది. "తాతా, నువ్వెందుకు చేయడం, ఎవరైనా చూస్తే?" అని నేనే అన్నాను ఒకసారి. ఆయన, "పో, పోయి ఇంకో చెంబు నీళ్ళు తేపో" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గంగాళం అవతలి వైపు కూర్చోవడం ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

మర్నాడు ఫోన్లో అమ్మకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయప్పకి దండం పెట్టినారా లేదా మీరు?" అని గదిమింది. పొద్దున్నే బయల్దేరేటప్పుడు పెట్టాం అన్నాను. ఆయన కంగారుపడి మమ్మల్ని లేవనెత్తబోయి, కాఫీ ఒలకబోసుకున్నారని మాత్రం చెప్పలేదు.

రాదికోఫానీ దిగితే లాజియో, రోమ్ ఉన్న ప్రాంతం. తోస్కానా అయిపోగానే చాలామంది నడక ఆపేసి రైలెక్కేస్తారు. అది అన్యాయం. నన్నడిగితే ఆ తర్వాతదే బాగుంది. ఫొటోలు తీసేవాళ్ళు లేరు, నీడ ఉంది. బోల్సేనా చెరువు ఒకప్పటి అగ్నిపర్వతాల ప్రాంతం కుంగి ఏర్పడింది, యూరప్‌లో అలాంటి చెరువుల్లో అదే పెద్దది. ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది. 1263లో ఆ ఊరి చర్చిలో, నమ్మకం సడలిన ఒక ఫాదర్ పూజ చేస్తుంటే ప్రసాదపు రొట్టె నుంచి నెత్తురు కారిందని చెప్తారు. ఆ మరకలున్న పాలరాయిని ఇప్పటికీ చూపిస్తారు. చూసి ఏమనుకోవాలో తెలియక నేను కళ్ళకద్దుకున్నాను, అలవాటు. మోంతెఫియస్కోనేలో ఇంక వంద కిలోమీటర్లే అని గుర్తు ఉంది. అక్కడి నుంచి వితెర్బో వెళ్ళేటప్పుడు కొంత దూరం నిజమైన రోమన్ రోడ్డు మీద నడిచాం. రెండు వేల ఏళ్ళనాటి నల్లరాతి బండలు, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మా కాలనీ రోడ్డు గుర్తొచ్చిందని మా ఆయన అన్నారు. నేను జవాబివ్వలేదు.

వితెర్బో కథ పెద్దాయన ప్రతి మలుపులో కొంచెం కొంచెం చెప్తూ, సాయంత్రం దాకా లాగారు. 1268లో పోప్ ఆ ఊళ్ళోనే పోయాడు. కొత్త పోప్‌ని ఎన్నుకోవడానికి కార్డినల్స్ అక్కడే కూర్చున్నారు. ఏడాది గడిచింది, తేలలేదు. ఊరివాళ్ళకి విసుగెత్తి, వాళ్ళని ప్యాలెస్‌లో పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, చివరికి పైకప్పు కూడా పీకేశారు. అప్పటికీ మొత్తం దాదాపు మూడేళ్ళు పట్టింది. 1271 సెప్టెంబరులో తేలింది. ఎన్నికైన మనిషి అక్కడ లేనే లేడు, ఎక్కడో పాలస్తీనాలో ఉన్నాడు! ఆ అనుభవంతోనే ఆయన, పదో గ్రెగరీ, తలుపులేసి ఎన్నిక జరపాలని నిబంధనలు పెట్టాడు. పైకప్పు లేని హాలు ఊహించుకుంటూ తిరిగాం, ఇప్పుడు కప్పు ఉంది. వెత్రాల్లా దాటాక హేజిల్‌నట్ తోటలు, చల్లగా, మైళ్ళ కొద్దీ. సూత్రి దగ్గర కొండరాతినే తొలిచి చేసిన రోమన్ ఆంఫీథియేటర్. ఆ పూట మేం ముగ్గురమే, మెట్ల మీద బల్లులు.

చివరి రోజు మాత్రం బాగాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. లా స్తోర్తా నుంచి రోమ్‌లోకి కాసియా రోడ్డు మీద కొంత దూరం నడవాలి. ఫుట్‌పాత్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పక్కనుంచి స్కూటర్లు, బస్సులు, చెత్తకుండీలు. అన్ని రోజులూ ఎదురైన ప్రతి మనిషీ పలకరించిన దారి, సిటీలో అడుగుపెట్టగానే మమ్మల్ని ఎవరూ చూడలేదు. మోంతె మారియో గుట్ట మీదికి ఎక్కాక, చెట్ల సందులోంచి సెయింట్ పీటర్స్ గుమ్మటం కనిపించింది. పాతకాలంలో యాత్రికులు ఆ గుట్ట మీద నుంచే మొదటిసారి రోమ్‌ని చూసేవాళ్ళు. పెద్దాయన టోపీ తీశారు. భార్య పోయాక ఇక్కడి దాకా రావడం ఇదే మొదటిసారని, ఆవిడతో కలిసి ఒకసారి ఇదే దారిలో వచ్చానని అప్పుడు చెప్పారు. అన్ని రోజుల్లో అంతకు ముందు ఒక్క మాట అనలేదు.

కింద చౌకులో సెక్యూరిటీ క్యూ, ఎండ. నా బ్యాగులో ఖాళీ ఆవకాయ సీసా స్కానర్‌లో ఏం కనిపించిందో ఏమో, గార్డు మూత తీయించి వాసన చూసి తల తిప్పుకున్నాడు. చివరి వంద కిలోమీటర్లు నడిచినవాళ్ళకి టెస్టిమోనియుం అని పత్రం ఇస్తారు, స్టాంపులన్నీ చూపించి తీసుకున్నాం. పెద్దాయన తన కార్డు మీద చివరి స్టాంపు తిన్నగా పడేలా తనే పట్టుకుని వేయించుకున్నారు.

ఆ జులైలోనే మేం వచ్చేశాం. పెద్దాయన ఇప్పటికీ వాయిస్ మెసేజ్‌లు పంపుతుంటారు. 2019లో ఈ దారిని రోమ్ నుంచి దక్షిణానికి, ఇటలీ మడమ చివరనున్న సాంతా మరియా ది లేవుకా దాకా అధికారికంగా పొడిగించారు. ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా నడుస్తున్నారు, బారీ దాటారు, లెచ్చె దాటారు. అక్కడ జైలెల్లా అనే తెగులు తగిలి ఆలివ్ చెట్లు లక్షల కొద్దీ ఎండిపోయాయి. ఆ మోడుల ఫొటోలు పంపి, "నీడ అసలు లేదు, పెద్ద టోపీలు తెచ్చుకోండి, ఆవకాయ రెండు సీసాలు" అన్నారు. ఆఖరి ముక్క మా కోసం ఆపి ఉంచారట. ఆయన వయసు చూస్తే ఎక్కువ రోజులు ఆపమనడం బాగుండదు. మా ఆయన మోకాలికి ఫిజియోథెరపీ నడుస్తోంది, వచ్చే ఏప్రిల్‌కి టికెట్లు చూస్తున్నాను.